జగదాంబ పంతులమ్మ పగ

తమ్ముణ్ణి చంపింది కరెంటు కాదని విచారణ జరిగిన రోజునే జగదాంబ తీర్మానించుకుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా, ఎవరెంత నచ్చజెప్పినా, ఆవిడ ఆ తీర్మానం మార్చుకోలేదు.

జగదాంబది రెడ్డిగూడెం పక్కన ఓ పల్లె. తండ్రి శివాలయం అర్చకుడు. గుడి మాన్యం కింద వాళ్లకో చిన్న మామిడితోట ఉండేది. పెళ్లంటే ఏమిటో తెలియని వయసులో ఆమెకు పెళ్లయింది. పుస్తెలు తెగడం కూడా ఆ వయసులోనే జరిగిపోయింది. దేవుడి గిన్నెలు తోమడానికీ, మడివంటకూ ఓ మనిషి ఉంటుందిలే అని తండ్రి ఊరుకున్నాడు. ఊరుకోనివాడు తమ్ముడు ఉమాపతి. ఇంకా మీసాలైనా సరిగా రానివాడు తండ్రికి ఎదురు నిలబడి, "అక్కను బందరు తీసుకెళ్లి టీచరు ట్రైనింగులో చేర్పిస్తాను. కొడితే కొట్టు" అన్నాడు. తండ్రి నిజంగానే కొట్టాడు. ఉమాపతి ఆ వాచిన చెంపతోనే అక్క ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచాడు. అలా ఆమె పంతులమ్మయింది. కొన్నాళ్లకు సొంత ఊరి బడికే వచ్చింది. తండ్రి పోయాక తోట ఉమాపతి చూసుకునేవాడు. అక్క, తమ్ముడు, అతని భార్య సౌభాగ్యలక్ష్మి ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

1958లో ఆ ఊరికి కరెంటు వచ్చింది. ఉమాపతి కొత్తగా బంగినపల్లి అంట్లు నాటి, వాటి నీళ్ల కోసం బావి మీద మోటారు పెట్టించాడు. కనెక్షన్లు ఇచ్చేముందు కరెంటు ఆఫీసు నుంచి నారాయణరావనే ఇంజనీరు వచ్చి బడి ఆవరణలో మీటింగు పెట్టాడు. ముప్పై ఏళ్లు నిండని మనిషి, మడత నలగని తెల్లచొక్కా. చాలాసేపు మాట్లాడాడు.

"మోటారు బాడీకి ఎర్త్ కంటిన్యుటీ ఎప్పుడూ మెయింటైన్ అవ్వాలి. పిట్‌లో మాయిశ్చర్ తగ్గితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, లీకేజీ డిస్‌చార్జి కాదు" అన్నాడు.

జనం తలలూపారు. అంత చదువుకున్నాయన ఎండలో నిలబడి చెబుతుంటే తెలియలేదనడం మర్యాద కాదనుకున్నారు. జగదాంబా తలూపింది. పక్కనే ఉన్న ఉమాపతి, "ఏంటక్కా ఇది, మంత్రపుష్పమా?" అని చెవిలో గొణిగితే నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మరుసటి వేసవిలో, మోటారు షెడ్డులోంచి బయటికొచ్చి నేలలోకి దిగే ఇనపతీగ దున్నుతున్న ఎద్దు కాలికి చుట్టుకుంది. గిట్ట పైన చర్మం చీరుకుపోయింది. ఉమాపతి ఆ తీగ చూసి ఆలోచించాడు. స్తంభం నుంచి మోటారుకు వచ్చే తీగలు సరే, మోటారు నుంచి భూమిలోకి పోయే తీగ దేనికి? భూమికి కరెంటెందుకు? పనివాళ్లు మిగిలిన తీగను మోసుకెళ్లలేక పాతేసి పోయుంటారనుకున్నాడు. కత్తిరించి, చుట్ట చుట్టి, షెడ్డు కప్పు మీదికి విసిరేశాడు.

కొన్నాళ్లు మోటారు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున తడిచేత్తో దాన్ని ముట్టుకున్నాడు. చద్దన్నం తెస్తున్న సౌభాగ్యలక్ష్మికి భర్త మోటారును కావలించుకుని కూర్చున్నట్టు దూరం నుంచి కనిపించింది. "ఏంటండీ ఆ ఆటలు?" అంటూ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. తోటలో కూలికి కాయలు కోస్తున్న నాగమణి పరుగెత్తుకొచ్చి ఆమెను జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చకపోతే ఆ పూట రెండు శవాలు లేచేవి.

విచారణ బడి వరండాలోనే జరిగింది. పైనుంచి వచ్చిన అధికారి అడిగితే నారాయణరావు తడుముకోకుండా జవాబు చెప్పాడు.

"మీటింగులో అన్నీ వివరంగా చెప్పాను సార్. ఊరంతా విన్నది, తలలూపింది. చెవిటివాళ్ల ముందు శంఖం ఊదినట్టయింది. వీళ్ల బుర్రలకెక్కకపోతే నేనేం చేసేది?"

అధికారి తలాడించాడు. తప్పు తీగ కత్తిరించినవాడిదని తేలింది. నారాయణరావు ఫ్లాస్కులోని కాఫీ తాగి, మూత గట్టిగా బిగించి, జీపెక్కాడు. వరండా స్తంభం పక్కన నిలబడిన జగదాంబ ఆ మూత బిగించడం దాకా చూసింది. ఉమాపతి రఘువంశం శ్లోకాలు వల్లించేవాడు. వాడి బుర్రకు ఎక్కలేదట!

ఇంటికొచ్చి, బొట్టు చెరిగిన మరదలి ముందు కూర్చుంది.

"ఇదే బళ్లో, నలుగురి ముందు, ఆ మనిషికి మాట పడిపోయేలా చేస్తాను సౌభాగ్యం. చెయ్యకపోతే నేను వాడి తోడబుట్టినదాన్ని కాదు."

తోటలో మోటారు ఆపేశారు. షెడ్డుకు తాళం పడింది. అంట్లకు కడవలతో నీళ్లు మోశారు.

నారాయణరావు బదిలీ అయి ఎక్కడికో వెళ్లిపోయాడు. జగదాంబ ఊరికొచ్చే లైనుమెన్లకు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, "ఆ ఇంజనీరుగారు ఇప్పుడెక్కడున్నారు నాయనా? బాగున్నారా?" అని అడిగేది. ఎంత అభిమానమో అనుకునేవాళ్లు. రోజూ దీపం పెట్టి తమ్ముడి ఆత్మకు శాంతి కోరినంత శ్రద్ధగా నారాయణరావు ఆయుష్షూ కోరేది. తన చేతికి చిక్కేదాకా అతనికి చీమ కూడా కుట్టకూడదు.

1964 వేసవిలో లక్ష్మీనరసింహారావనే లెక్చరరు బడికి వచ్చాడు. నూజివీడు మనిషి, దూరంగా ఓ ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. సెలవుల్లో విద్యార్థుల్ని సేవాశిబిరానికి తెచ్చాడు. మోటార్లు, మందు కొట్టే పంపులు, స్టార్టర్ల సంగతులు పల్లెల్లో చెప్పించాలని అతని కోరిక.

"మా కుర్రాళ్లు బోర్డు మీద ఎంతటి లెక్కయినా తేలుస్తారండీ. నోరు విప్పితే మాత్రం సొంత నాయనమ్మక్కూడా అర్థం కాదు. మీరు కాస్త వాళ్ల తెలుగు సరిదిద్దాలి" అన్నాడు.

జగదాంబకు ఒళ్లు ఝల్లుమంది. ఇంకా పట్టా చేతికి రాని నారాయణరావులు, పాతికమంది, తమంతట తాము నడిచొచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

"వీళ్లక్కావలసింది తెలుగు కాదండీ" అంది. "నాకు వదిలేయండి. నేనెలా చెప్పినా మధ్యలో అడ్డు రాకండి."

మర్నాడు వాళ్లను మామిడికాయల పేకింగు షెడ్డుకు తీసుకెళ్లింది. నాగమణీ మరికొందరు ఆడవాళ్లూ బుట్టల్లో వరిగడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. అప్పటికి నాగమణి ఆ షెడ్డులో కూలీలందరికీ పెద్ద.

"ఈ బాబులు మాట్లాడతారు. తెలిసినంతసేపు వినండి. తెలియని మాట చెవిన పడిందా, లేచి మీ పని మీద మీరు పొండి. మొహమాటపడ్డారో, నా మీద ఒట్టే" అని చెప్పింది జగదాంబ.

ముందు లేచినవాడు వెంకటాచలపతి. మూడో ఏడు చదువుతున్నాడు, క్లాసులో ఎప్పుడూ మొదటివాడు. గొంతు సవరించుకుని, "విద్యుత్తు అనగా ఎలక్ట్రానుల ప్రవాహం" అన్నాడు. నాగమణి లేచి బుట్ట దగ్గరికి వెళ్లిపోయింది. "రెండు బిందువుల మధ్య పొటెన్షియల్ తేడా..." అనేసరికి మిగతావాళ్లూ లేచారు. చలపతి ఎదుట వరిగడ్డీ, పచ్చికాయలూ మిగిలాయి.

"వాళ్లకి బేసిక్సే తెలియవండీ" అన్నాడు ఎర్రబడ్డ మొహంతో.

"తెలిసుంటే నువ్వెందుకు?" అంది జగదాంబ. "ఆ మాట ఇంకోసారి నీ నోట వచ్చిందా, నీ పెట్టె తెచ్చి రోడ్డు మీద పెట్టిస్తా."

ఆమె ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది. కుర్రవాడు చెప్పింది విన్నవాళ్లలో ఒకరు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే మార్కులు పోయేది కుర్రవాడికి. వాళ్లు మొత్తుకున్నారు. కష్టమైన సంగతులుంటాయండీ అన్నారు. సైన్సును చులకన చేసినట్టవుతుందన్నారు. ఆమె ఒక్కటీ వినలేదు. ఒకడు కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఏడుపు అర్థమైంది. ఇప్పుడు స్టార్టరు సంగతి అర్థమయ్యేలా చెప్పు" అంది. బళ్లో చిన్నపిల్లల మీద ఎన్నడూ గొంతు పెంచని మనిషి, వీళ్లను మాత్రం కంది కట్టె పట్టుకున్నట్టు మాటలతో బాదేది. కోపం తలకెక్కినప్పుడు చలపతిని "ఏం నారాయణరావూ!" అని పిలిచేది.

"నారాయణరావెవరండీ?" అని అతను ఒకటి రెండుసార్లు అడిగాడు.

"నువ్వు కాకూడని మనిషి" అని ఊరుకుంది.

చలపతి పట్టుదల గలవాడు. ఎర్తు తీగ సంగతి ఎన్ని రకాలుగా చెప్పినా నాగమణి లేచిపోతుంటే అతనికి తిండి సహించేది కాదు. ఓ సాయంత్రం స్నేహితులతో చెరువుకు ఈతకెళ్లి, గట్టు చివర రాళ్లు పేర్చిన కలుజు మీద కూర్చున్నాడు. వానలు ఎక్కువైనప్పుడు పైనీళ్లన్నీ ఆ కలుజు దారిన పోతాయని పశువులు కాసేవాళ్లు చెప్పారు. మర్నాడు షెడ్డులో ఏ ఇంగ్లీషు ముక్కా లేకుండా మొదలుపెట్టాడు.

"చెరువుకి కలుజెందుకమ్మా?"

"నీళ్లెక్కువైతే పోడానికి. లేకపోతే గట్టు తెగదూ?" అంది నాగమణి.

"మోటారుకి ఆ భూమిలోకి పోయే తీగ కలుజు. లోపల ఎక్కడైనా తీగ చెడితే కరెంటు మోటారు ఒంటికి పాకుద్ది. కలుజుంటే ఆ దారిన నేలలోకి పోద్ది. కలుజు కోసేశావనుకో, దారి కోసం కాసుకుని కూర్చుంటుంది. నువ్వెళ్లి చెయ్యేస్తే తెగే గట్టు నువ్వే."

ఎవరూ లేవలేదు. నాగమణి చేతిలో కాయ అలాగే ఉంది.

"ఎండాకాలం ఆ తీగ దిగిన గొయ్యి ఎండిపోతే కలుజు పూడిపోయినట్టే. అప్పుడప్పుడూ నీళ్లు పొయ్యాలి" అన్నాడు చలపతి. నాగమణి అదంతా తన మాటల్లో తప్పు లేకుండా తిరిగి చెప్పింది. చెప్పి, నెమ్మదిగా అంది:

"అయితే ఉమాపతిగారు ఆ రోజు కలుజు కోసేసుకున్నారన్నమాట."

గుమ్మంలో చప్పుడైంది. కుర్రాళ్లకు మజ్జిగ తెచ్చిన సౌభాగ్యలక్ష్మి బిందె కింద పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇంతేనా వదినా?" అంది. "ఈ ముక్క చెప్పడానికేనా వాళ్లకి నోరు రాలేదు?"

ఆ సంగతి మామూలు మనుషులకు చెప్పలేనంత కష్టమైందేమోనన్న అనుమానం అంతవరకూ జగదాంబ మనసులో ఓ మూల ఉండేది. ఆ అనుమానం పోయింది. మామిడిపండు తింటూ చెప్పగలిగిన మాట అది. ఆ మాత్రం ఒంగడానికి ఇష్టంలేక ఒకడు నా తమ్ముణ్ణి చంపాడు అనుకుంది. అప్పటిదాకా పొగలాడుతున్న పగ ఆ పూట భగ్గున మండింది.

మరుసటి వేసవికి నారాయణరావు పెద్ద అధికారిగా ఇటువైపే బదిలీ మీద వచ్చాడు. చుట్టుపక్కల పల్లెలకు కొత్త లైను వేశారు. ప్రారంభోత్సవం సభ జగదాంబ పనిచేసే బళ్లోనే అన్నారు. సభ ఏర్పాట్లు చూసే బాధ్యత హెడ్మాస్టరు ఆమె మీదే పెట్టాడు. ఆమె నోరెత్తకుండా ఒప్పుకుంది. కుర్చీలు తెప్పించింది, మైకు పెట్టించింది, గులాబీల దండ విస్సన్నపేట నుంచి తెప్పించింది. సేవాశిబిరానికి మళ్లీ వచ్చిన చలపతిని పిలిచి, "సభలో ముందు నువ్వు మాట్లాడాలి, కలుజు పాఠం" అంది. అతను పొంగిపోయాడు.

సభ నాటికి నారాయణరావు కాస్త ఒళ్లు చేశాడు, చెంపలు నెరిశాయి. జగదాంబను గుర్తుపట్టలేదు. చలపతి మాట్లాడాడు. జనంలోంచి నాగమణి లేచి అదంతా తిరిగి చెప్పింది. చప్పట్లు మోగాయి. అప్పుడు జగదాంబ మైకు ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఇంజనీరుగారు పూర్వం ఇదే ఆవరణలో మాకు ఈ సంగతే బోధించారు. మళ్లీ వారి నోట వినాలని మా ఊరి కోరిక."

నారాయణరావు దండ సర్దుకుని సంతోషంగా లేచాడు.

"కుర్రాడు చెప్పిన పోలిక బాగానే ఉంది. కానీ టెక్నికల్‌గా అది కరెక్టు కాదు. ఎర్త్ ఎలక్ట్రోడ్ యొక్క రెసిస్టెన్స్ మినిమమ్‌లో ఉన్నప్పుడే ఫాల్ట్ కరెంటు..."

ఆడవాళ్ల వెనక వరసలో, చాప మీద కూర్చున్న సౌభాగ్యలక్ష్మి లేచింది. అందరూ చూస్తుండగా చీర కుచ్చెళ్లు దులుపుకుని, గేటువైపు నడిచింది. జగదాంబ ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆమె లేస్తుందని కలలో కూడా అనుకోలేదు. వెంటనే నాగమణి లేచింది, ఆమె వెనక షెడ్డు ఆడవాళ్లంతా. తర్వాత మగవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకున్నారు. అల్లరి లేదు, అరుపు లేదు. రెండు వేసవులుగా అలవాటైన పనే అది. చూస్తుండగానే ఆవరణ అంతా ఖాళీ అయి, చాపలూ, కుర్చీల్లో ఆఫీసర్లూ మిగిలారు.

"ఏంటిది? ఎక్కడికి పోతున్నారు వీళ్లంతా?" అన్నాడు నారాయణరావు.

"అర్థం కాలేదండీ" అంది జగదాంబ. "ఇదివరకు తలలూపేవాళ్లు. ఆ జబ్బు నయం చేశాను."

"చెబుతుంటే జనం పోతే నేనేం చేసేది!"

"విచారణలో కూడా ఇదే అన్నారు. అప్పుడు పోయింది మా తమ్ముడు, ఉమాపతి." మైకు ఆ పేరును ఊరి చివరిదాకా మోసింది. గేటు బయట జనం ఆగి నిలబడ్డారు. "వాడికి చెవుడు లేదండీ. శంఖమే పగిలింది. ఆ ఒక్క మాటా ఒప్పుకుని దిగండి."

నారాయణరావు నోరు తెరిచాడు, మూశాడు. దండ తీసి బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగాడు. మాట రాని ఆ నోటిని జగదాంబ ఆశ తీరా చూసింది.

ఆ సాయంత్రం చలపతి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయన మీదికి విసరడానికి మమ్మల్ని రాళ్లలా ఏరి పెట్టుకున్నారా అమ్మగారూ?"

"అవును బాబూ" అంది ఆమె.

అతను ఆ ఇంట భోజనం చెయ్యకుండానే పొద్దుటి బస్సుకు వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊరు రాలేదు. జగదాంబకు బాధ కలిగిందంటే ఆ ఒక్కదానికే. పగ తీరాక మనసు బోసిపోతుందని పెద్దలంటారు గానీ ఆమెకు అలాంటిదేమీ కాలేదు. ఆ పూట కొత్తావకాయ కలుపుకుని కడుపునిండా తిన్నది, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

కొన్నాళ్లకు నారాయణరావు జీపు లేకుండా బస్సులో వచ్చాడు. బడి వదిలేదాకా వేపచెట్టు కింద నిలబడ్డాడు.

"నేను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క అబద్ధం ఉందా అండీ?" అని అడిగాడు.

"లేదండీ. అంతా నిజమే. మాకు చెప్పలేదు, అంతే."

అతను నేల చూపులు చూశాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"షెడ్డులో కింద కూర్చోండి. నాగమణికి చెప్పండి. ఆమె తిరిగి చెప్పేదాకా లేవకండి."

అతని మొహం నల్లబడింది. నమస్కారం కూడా పెట్టకుండా వెళ్లిపోయాడు. రాలేదు, రాడనీ ఆమెకు తెలుసు. కానీ వేసవి మొదలవగానే అతని కింద పనిచేసే కుర్ర ఇంజనీర్లు ఇద్దరు చేతిసంచులతో దిగారు. "సారు నేర్చుకు రమ్మన్నారండీ" అన్నారు. జగదాంబ వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టింది, బాగా నేర్పింది.

ఆ ఏడాదే ఆమెకు మైలవరం బదిలీ అయింది. సభలో అధికారిని అవమానించినందుకే అని ఊళ్లో అనుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. లక్ష్మీనరసింహారావు తన విద్యార్థుల్ని అక్కడికే తెచ్చేవాడు. మైలవరం సంతలో కూరగాయలమ్మే వాళ్ల ముందు ఆ కుర్రాళ్లు నిలబడి చెమటలు కక్కుకుంటూ మాట్లాడటం చూడటానికి జనం పోగయ్యేవాళ్లు.

ఊళ్లో సౌభాగ్యలక్ష్మి షెడ్డు తాళం తీయించి, మోటారు బాగుచేయించింది. కొత్త తీగ తనే దగ్గరుండి దింపించింది. ఎర్తు గోతిలో బిందెతో నీళ్లు పోసే పని ఇంకెవరికీ అప్పగించేది కాదు. సెలవులకు వచ్చిన జగదాంబ తోటలోకి వెళ్లేది గానీ ఆ షెడ్డు గడప తొక్కేది కాదు.

ఓసారి కాలవ గట్టున నిలబడి సౌభాగ్యలక్ష్మి నెమ్మదిగా అంది: "ఆ ఇంజనీరు మనుషుల్ని పంపాడు కదా వదినా. ఇక వదిలెయ్యకూడదూ?"

"నీ వంతు నువ్వు వదిలేసుకో సౌభాగ్యం, కాదనను" అంది జగదాంబ. "నా వంతు నా దగ్గరే ఉంటుంది."

కొంగు నడుముకు బిగించి, పార తీసుకుని, బంగినపల్లి పాదుల్లోకి నీళ్లు మళ్లించింది.